విశ్వవ్యాకోచం కిట్: బుగ్గలు (బెలూన్లు) పక్కన పెట్టండి, షీట్లు చేతికి తీసుకోండి

విశ్వం వ్యాకోచిస్తోందని, అంటే గెలాక్సీల (నక్షత్రాల మహా సమూహాల) మధ్య దూరాలు పెరుగుతున్నాయని పిల్లలకు చూపించడానికి నల్లగొండలో స్కూలు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతున్న నమూనా పెట్టె ఇది. ధర 450 రూపాయలు, పెట్టె మీద తయారీదారు పేరు లేదు. లోపల రెండు పారదర్శక షీట్లు, ఒక మీటరు ఎలాస్టిక్ పట్టీ, పది గుండీలు, మూడు బుగ్గలు, ఒక స్కెచ్ పెన్, ఒక రంగుల చార్టు, పదహారు పేజీల పుస్తకం ఉంటాయి. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు పిల్లలకు పనికొస్తుందని రాశారు. షీట్ల మట్టుకు ఆ మాట నిజం. చార్టును మాత్రం ఏ తరగతి గోడకూ తగిలించకండి, కారణం కింద ఉంది.

ముందు షీట్ల సంగతి. మొదటి దాని మీద అడ్డదిడ్డంగా అరవై చుక్కలుంటాయి, ఒక్కో చుక్క ఒక గెలాక్సీ అనుకోవాలి. రెండో దాని మీద అవే చుక్కలు, 10 శాతం పెద్దది చేసి అచ్చేసినవి. మొదటిది ‘నిన్నటి’ విశ్వం, రెండోది ‘నేటి’ది. ఒకదాని మీద ఒకటి పెట్టి, ఏదైనా ఒక చుక్కను దాని జత చుక్కతో సరిగ్గా కలపాలి. మిగతా చుక్కలన్నీ ఆ చుక్క నుంచి పారిపోతున్నట్టు కనిపిస్తాయి. 5 సెం.మీ. దూరంలోది అర సెం.మీ. జరిగి ఉంటుంది, 10 సెం.మీ. దూరంలోది ఒక సెం.మీ. ఇప్పుడు షీటు జరిపి మూలన ఉన్న ఇంకో చుక్కను కలపండి. కేంద్రం అక్కడికి మారిపోతుంది. చుక్కలు అవే, షీట్లు అవే.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: “సార్, ఎట్లా పెట్టినా ఎక్కడో ఒకచోట కేంద్రం కనిపిస్తనే ఉంది కదా?” మంచి ప్రశ్న. దానికి పుస్తకంలో జవాబు లేదు. ఆ కేంద్రం చుక్కల్లో లేదు, మనం షీటు పెట్టిన తీరులో ఉంది. రెండు చుక్కల మధ్య దూరం ఏ జతకైనా 1.1 రెట్లే అయింది. ఆ లెక్కలో ‘ఎక్కడి నుంచి’ అనే మాటే లేదు. ఏ గెలాక్సీలో కూర్చుని కొలిస్తే, ఆ గెలాక్సీని కదలనిదిగా మనమే అనుకుంటున్నాం.

షీట్లతో వచ్చే తప్పులు మూడు. పై షీటు కొంచెం తిరిగితే చుక్కలు బయటికి పోవడానికి బదులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. అంచులు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. షీటు బోర్లా పడితే చుక్కల జతలు పొసగవు. మూలన పెన్నుతో గుర్తు పెట్టండి. మూడోది తయారీలోనే ఉంది. జిరాక్స్‌లో పెద్దది చేయడం వల్ల చుక్కలు కూడా 10 శాతం ఉబ్బాయి. అసలు విశ్వంలో గెలాక్సీలు ఉబ్బవు, వాటి మధ్య దూరాలే పెరుగుతాయి. ఈ ముక్క పిల్లలకు ముందే చెప్పాలి. సొంతంగా షీట్లు చేయించుకునేవాళ్లు 110 శాతం సెట్టింగు అడిగి, జిరాక్స్ మెషీన్ వేడికి తట్టుకునే షీటే వాడమని చెప్పండి. మామూలు ప్లాస్టిక్ షీటు లోపలే కరిగి అతుక్కుంటుంది.

ఎలాస్టిక్ పట్టీ నాణ్యమైనదే, కానీ పుస్తకంలో చెప్పిన పద్ధతి చెడగొడుతుంది. ఒక కొసను తలుపు గడియకు కట్టి రెండో కొసను లాగమన్నారు. అట్లా చేస్తే పిల్లలు గడియే విశ్వానికి కేంద్రం అనుకుంటారు. దానికి బదులు ఆరు గుండీలు 10 సెం.మీ. ఎడంతో కుట్టి, వాటికి హైవే మీది ఊళ్ల పేర్లు వరసగా పెట్టండి: చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూర్, నకిరేకల్, సూర్యాపేట. రెండు పక్కలా పట్టుకుని ఎడం 15 సెం.మీ. అయ్యేదాకా లాగండి. నార్కట్‌పల్లి నుంచి చూస్తే చిట్యాల, కట్టంగూర్ 5 సెం.మీ. దూరం జరిగాయి, చౌటుప్పల్, నకిరేకల్ 10, సూర్యాపేట 15. నకిరేకల్ నుంచి కొలిచినా అదే వరస: పక్కూరు 5, దాని అవతలిది 10, ఆపైది 15. దూరం ఎంతో వేగం అంత. 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ గెలాక్సీల్లో చూపించిన సంబంధం ఇదే. నేటి కొలతల ప్రకారం 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 67 నుంచి 73 కి.మీ. చొప్పున వేగం పెరుగుతుంది. అంటే 3.26 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోది సెకనుకు సుమారు 700 కి.మీ. వేగంతో దూరమవుతుంది. గుండీని పట్టీకి అడ్డంగా ఒక్క కుట్టుతోనే కుట్టాలి. పొడుగునా కుడితే అక్కడ పట్టీ సాగదు, కొలత తప్పుతుంది.

బుగ్గలు ఈ పెట్టెలో బలహీనమైన భాగం. స్కెచ్ పెన్నుతో పెట్టిన చుక్కలు ఊదినకొద్దీ సాగుతాయి, పైగా మూతి దగ్గర, కొన దగ్గర రబ్బరు సమానంగా సాగదు. వాడక తప్పకపోతే బుగ్గను సగం ఊదాక బొట్టు బిళ్లలు అంటించండి, నడుము భాగంలోనే దారంతో కొలవండి. ‘బుగ్గ లోపలి మధ్య భాగమే కేంద్రం’ అని పుస్తకం ఐదో పేజీలో రాశారు. ఇది పూర్తిగా తప్పు. ఈ పోలికలో విశ్వమంటే రబ్బరు పైపొర మాత్రమే. లోపలి గాలి అందులో భాగం కాదు.

పాలమూరు పిల్లలకు తమ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి గుర్తొస్తుంది, అక్కడ మొదటి మాను ఏదో తేల్చలేం కదా అంటారు. పోలిక బాగుంది, కానీ సగమే. ఆ మర్రికి మొదటి మాను ఒకప్పుడు ఉంది, ఊడల్లో కలిసిపోయింది. విశ్వానికి అట్లాంటి మొదటి చోటు ఎక్కడో మరుగున పడలేదు, అసలు లేనే లేదు.

ఇక చార్టు. నల్లటి ఖాళీలో ఒక బిందువు పేలి ముక్కలు చిమ్ముతున్న బొమ్మ అది. పేలుడుకు లోపల, బయట ఉంటాయి. నిజంగా అట్లా జరిగి ఉంటే దాని వెలుగు ఒక దిక్కు నుంచే ఎక్కువ రావాలి. 1965లో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన విశ్వ నేపథ్య వికిరణం, అంటే విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వెలుగు, అన్ని దిక్కుల నుంచీ వస్తుంది, ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. ఒక పక్క వెయ్యో వంతుకు కాస్త పైగా వెచ్చగా ఉండడానికి కారణం కేంద్రం కాదు, సూర్యుడు సెకనుకు సుమారు 370 కి.మీ. వేగంతో కదలడం. ఆ తేడా తీసేస్తే మిగిలేది లక్షలో ఒక వంతు ప్రమాణంలోనే.

సంకోచం గురించి పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. ఇది పెద్ద లోటు. విశ్వం ఎట్లా మారుతుందో లెక్కగట్టిన శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ 1922 నాటి సమీకరణాల్లో వ్యాకోచం, సంకోచం రెండూ ఉన్నాయి. షీట్లలో పెద్దదాన్ని ‘నిన్న’, చిన్నదాన్ని ‘నేడు’ అనుకుంటే చాలు: ఏ చుక్కను కలిపినా మిగతావన్నీ దాని వైపే వస్తాయి. అంటే అన్నీ పోయి పడే గొయ్యి ఎక్కడా లేదు. ప్రతి చోటా సాంద్రత ఒకేలా పెరుగుతుంది. ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కి.మీ. వేగంతో మన వైపు వస్తోంది కదా, అది సంకోచమేనా అని అడిగితే, కాదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ పొరుగు గెలాక్సీని గురుత్వాకర్షణ లాగుతోంది. చలికాలం మొదట్లో చీకటి పడ్డాక అమ్రాబాద్ అడవి లాంటి చీకటి చోట ఆకాశంలో దాన్ని ఉత్త కంటితోనే చూపించవచ్చు.

పట్టీలో మిగిలిన లోపం రెండు కొసలు. దానికి ఒక ప్లాస్టిక్ బకెట్టు కావాలి, అడుగు చుట్టుకొలత 63 సెం.మీ., మూతి దగ్గర 88 ఉన్నది సరిపోతుంది. 60 సెం.మీ. పట్టీని ఉంగరంలా కుట్టి ఆరు గుండీలు పెట్టి, బోర్లించిన బకెట్టుకు పైనుంచి తొడగండి. కిందికి జరిపితే గుండీల ఎడం పదిన్నర నుంచి దాదాపు 14.7 సెం.మీ. దాకా పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. ఉంగరంలో కొస లేదు, నడిమి గుండీ లేదు. జరిపేటప్పుడు చుట్టూ నాలుగు చోట్ల పట్టుకోవాలి, లేకపోతే ఒక పక్కే సాగుతుంది.