పెరటి కోళ్ల గూటికి తాటాకా, జింకు రేకా, సిమెంటు రేకా? ఏది మేలు?

పదిహేను నాటుకోళ్లకు సొంతంగా గూడు కట్టుకుందాం అనుకున్న రోజే మా ఇంట్లో కప్పు మీద వాదన మొదలైంది. మా అత్త తాటాకు వెయ్యమంది. మా ఆయన రేకులే మేలన్నారు. చేతిలో ఉన్నది పదివేలు. కావలి దగ్గర ఊరు మాది. తాటిచెట్లకు కొదవ లేదు, సరుగుడు తోపుల్లో కర్ర దొరుకుతుంది. సగం సామాను ఊళ్లోనే ఉందన్నమాట. అయినా మొదట కట్టిన గూడు పాడై, రెండోది కట్టాకే మాకు విషయం అర్థమైంది.

ముందు తాటాకు సంగతి. ఎండకు దీన్ని మించిన కప్పు లేదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడం, రెక్కలు దింపుకోవడం, ఇవే దానికి తెలిసిన ఉపాయాలు. మే 25 తర్వాత రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మా తాటాకు గూట్లోకి చెయ్యి పెడితే చెట్టు నీడలో ఉన్నట్టే ఉండేది. కోళ్లు రెక్కలు దింపుకోకుండా మామూలుగా పడుకునేవి. సొంత చెట్లుంటే ఆకు ఖర్చు లేదు, కొట్టించే కూలీ, కప్పే కూలీ ఇస్తే చాలు. కానీ ఆకు రెండు మూడేళ్లకు మించి నిలవదు. పైగా ఇప్పుడు చక్కగా ఆకు కప్పే మనిషి దొరకడం కష్టం. దానికన్నా పెద్ద చిక్కు, ఆకు మడతల్లో గోమార్లు, అంటే పిడుదులు చేరతాయి. పగలు అక్కడ దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. మా పెట్టలు గుడ్లు తగ్గించేశాయి. మేత చాలడం లేదేమో అనుకుని రెండు నెలలు జొన్నలు ఎక్కువ పోశాం. ఒక రాత్రి టార్చి వేసి ఈకలు విడదీసి చూస్తే తెలిసింది, లోపం మేతలో లేదని.

గాలి సంగతీ ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని గాలీ వానా మా వైపునూ వదల్లేదు. ఒక పక్క ఆకు మొత్తం లేచిపోయింది. కోళ్లు తెల్లవార్లూ తడిసి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను.

జింకు రేకుకు ఈ బాధలేవీ లేవు. గోమార్లు దాక్కోవడానికి మడతలుండవు. జాగ్రత్తగా బిగిస్తే పదేళ్లు పైనే ఉంటుంది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గూటికి రేకులు మూడు సరిపోతాయి. పాత ఇనుము కొట్లో వెతికితే చిల్లులు లేనివి తక్కువకే దొరుకుతాయి. మేం అలాగే తెచ్చుకున్నాం. దీనికున్న ఒకే ఒక్క దోషం వేడి. మధ్యాహ్నం రేకు పెనంలా కాలుతుంది. గూడు ఎత్తు తక్కువైతే ఆ వేడంతా కోడి వీపు మీదే. అందుకే రేకు వేసేవాళ్లు ఎత్తు తగ్గించకూడదు, ఒక వైపు ఏడడుగులు, రెండో వైపు ఆరు ఉండాలి.

సిమెంటు రేకు జింకు కన్నా కాస్త చల్లగా ఉంటుంది, అది నిజమే. బరువు ఎక్కువ కాబట్టి సన్నటి సరుగుడు కర్రలు ఆగవు, వాసాలు లావువి కావాలి. కొబ్బరికాయ పడితే పగులుతుంది. చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినప్పుడు, విరగ్గొట్టినప్పుడు లేచే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. చిన్నపిల్లలు తిరిగే పెరట్లో మనమే రంపం పెట్టి కోసుకునే పనికి నేనైతే ఒప్పుకోను.

అత్తదీ మా ఆయనదీ ఇద్దరి మాటా నెగ్గేలా చివరకు జింకు రేకు వేసి, దానిమీద ఒక వరస తాటాకు పరిచి, పాత చేపల వల కప్పి కట్టాం. వల మా ఊళ్లో చేపలు పట్టే పట్టపోళ్ల దగ్గర అడిగితే ఊరికే ఇచ్చారు. వాన కిందికి దిగదు, ఎండ రేకుకు తగలదు, ఆకు లేచిపోదు. గోమార్లు చేరినా రేకు పైనే కాబట్టి, ఏటా వేసవికి ముందు ఆ ఆకు తీసి కాల్చేసి కొత్తది పరిస్తే సరి. నా లెక్కలో ఇదే మేలు.

కానీ కప్పు గురించి ఇంత ఆలోచించిన మేము మొదటి గూటికి కింది భాగం గాలికి వదిలేశాం. మట్టి నేల, చుట్టూ సన్న తీగ కోళ్ల జాలీ. ఒక పొద్దున తలుపు తీస్తే మూడు పెట్టలు చచ్చి పడున్నాయి. తినలేదు, మెడ దగ్గర గాట్లు మాత్రం ఉన్నాయి. మూలన జాలీ కింద పిడికిలంత బొక్క. పందికొక్కు తవ్విన దారిలో ముంగిస వచ్చింది. వాటిలో ఒకటి పొదుగు మీదున్న పెట్ట, కింద పదకొండు గుడ్లు చల్లారిపోయాయి.

అందుకే రెండో గూటికి సగం డబ్బు కింది మూడడుగులకే పెట్టాం. సన్న జాలీ గద్దను, కాకిని ఆపుతుందేమో గానీ కుక్క పళ్లకు ఆగదు. అరంగుళం కన్నున్న వెల్డ్ మెష్, అంటే తీగలు వెల్డింగుతో అతికిన గట్టి ఇనుప వల, ఖరీదే అయినా ముంగిస, ఎలుక, పెద్ద పాము దూరలేవు. నడుము ఎత్తు దాకా అది కొట్టి, ఆ పైన చవక జాలీ వేశాం. మెష్ అంచును ఒక అడుగు బయటికి మడిచి మట్టిలో పూడ్చాం. తవ్వుకుంటూ వచ్చింది ఆ మెష్‌కే తగిలి ఆగిపోతుంది. నేల మీద విరిగిన కడప బండలు పరిచి, సందులు సిమెంటుతో పూసి, పైన రెండంగుళాలు వరి ఊక పోశాం. వేరుశనగ పొట్టయినా పనికొస్తుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే నా ఓటు మెష్‌కే. కప్పుకు ఈ ఏడాదికి తాటాకు వేసుకుని రేకులు తర్వాత తెచ్చుకోవచ్చు.

కర్రల్లో సరుగుడు చవక. నేలలో పాతే రెండడుగులకు బాగా తారు పూయకపోతే చెదలు ఏడాదిలో తినేస్తాయి. రాతి కూసాలు దొరికితే ఇంకా మంచిది. లోపల కూర్చోవడానికి అడ్డకర్రలు రెండు వరసలు, కోడికి ఎనిమిదంగుళాల చొప్పున చాలు.

గూడు పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి పడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాన ఈశాన్యం నుంచి కొడుతుంది. అందుకని తూర్పు పక్క గోడ కట్టేశాం. ఉత్తరం వైపు యూరియా సంచులు కడిగి, విప్పి, కలిపి కుట్టిన పరదా వేలాడుతుంది. మా అత్త రెండు మధ్యాహ్నాలు కూర్చుని దబ్బనంతో కుట్టింది. మబ్బు పడితే దించుతాం, తెరిపి ఇవ్వగానే పైకి చుట్టి కడతాం.