మేక బొమ్మ సీసా: ఆరేళ్ళు తాగాక సెలబ్రేటర్ గురించి

మొదటి సీసాని నేనే పాడు చేసుకున్నాను. 2019 డిసెంబరులో మా బావమరిది జర్మనీలోని మ్యూనిక్ నుంచి సెలబ్రేటర్ అనే ముదురు బీరు ఆరు సీసాలు తెచ్చాడు. వాటిలో ఒకదాన్ని గంటసేపు ఫ్రీజరులో పెట్టి, పట్టుకుంటే వేళ్ళు జివ్వుమనేంత చల్లబడ్డాక తీసి, పటమటలో మా డాబా మీద నాలుగు గుటకల్లో అవగొట్టాను. బెజవాడలో బీరు తాగడమంటే మాకు తెలిసింది అదే. నల్లగా ఉంది, కాస్త తియ్యగా ఉంది, చివర్లో చేదు తగిలింది. "ఇంత దూరం మోసుకొచ్చింది ఇదేనా?" అన్నాను. వాడు నొచ్చుకోలేదు. "నువ్వు దాన్ని తాగలేదు బావా, మింగావు. రేపు రెండోది నేను చెప్పినట్టు తాగు" అన్నాడు.

మర్నాడు ఫ్రిజ్‌లోంచి సీసా తీసి వంటింటి గట్టు మీద ఇరవై నిమిషాలు వదిలేశాడు. మూతి దగ్గర కొంచెం ముడుచుకున్న గాజు గ్లాసులో, వంచి పట్టుకుని నెమ్మదిగా పోశాడు. "ముందు వాసన చూడు" అన్నాడు. నేను చూసేలోపే పొయ్యి దగ్గరున్న మా ఆవిడ ఇటు తిరిగి, "అరిసెల పాకం వాసన వస్తోంది, ఎక్కడిదండీ?" అంది. ఆవిడ బీరు ముట్టదు. అయినా ఈ ఆరేళ్ళలో ఈ బీరు గురించి విన్న మాటలన్నిటిలోకీ అంత సరైన మాట ఇంకొకటి లేదు. బెల్లం కరిగి, నురగలు కట్టి, ఉండపాకం దాటి ఒక్క క్షణం ముదిరితే వచ్చే వాసన ఉంటుందే, అది.

పేరు అయింగర్ సెలబ్రేటర్. మ్యూనిక్‌కి ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్ల దూరంలో అయింగ్ అని ఒక పల్లె ఉంది. అక్కడ 1878లో మొదలై, ఇప్పటికీ కుటుంబం చేతిలోనే ఉన్న బ్రూవరీ చేసే బీరు ఇది. సీసా 330 మిల్లీలీటర్లు, ఆల్కహాలు 6.7 శాతం. ప్రతి సీసా మెడకీ తెల్లటి ప్లాస్టిక్ మేకపోతు బొమ్మ వేలాడుతుంది. ఈ రకం బీరుని డాపెల్‌బాక్ అంటారు. బాక్ అంటే జర్మన్‌లో మేకపోతు. అయితే ఈ మాట పుట్టింది మేక నుంచి కాదు. ఉత్తరాన ఐన్‌బెక్ అనే ఊరి బీరుకి పేరుండేది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం వాళ్ళ నోట్లో ఆ ఊరి పేరు నలిగి నలిగి బాక్ అయింది, మేక తర్వాత వచ్చి చేరింది.

డాపెల్ అంటే రెట్టింపు. నిజంగా రెట్టింపేమీ ఉండదు గానీ జర్మనీలో దీనికొక కట్టడి ఉంది. పులియబెట్టక ముందు ఆ బార్లీ రసంలో బరువుకి నూటికి కనీసం 18 పాళ్ళు కరిగిన సారం ఉండాలి. అందులో కొంత ఆల్కహాలుగా మారుతుంది, మిగిలింది చిక్కదనంగా నాలుక మీద నిలుస్తుంది. మ్యూనిక్‌లో పౌలానర్ సన్యాసులు ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసంలో రొట్టెకి బదులు ఇలాంటి బీరు తాగేవాళ్ళట. మనవాళ్ళు ఏకాదశికి పాలూ పళ్ళూ పుచ్చుకున్నట్టు. వాళ్ళ బీరు పేరు సాల్వేటర్. ఆ తర్వాత ఈ రకం చేసినవాళ్ళలో చాలామంది తమ బీరు పేరు చివర 'ఏటర్' తగిలించుకున్నారు. సెలబ్రేటర్ కూడా ఆ వరసలోదే.

ఇప్పటికి వాడు ఏడుసార్లు వచ్చాడు. కస్టమ్స్‌లో ఒక మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. ఆరు సీసాలు కలిపితే 1,980 మిల్లీలీటర్లు, సరిగ్గా లోపల పడుతుంది. అలా 42 సీసాలు వచ్చాయి. పంచిపెట్టినవి పోను ముప్పై ఒక్కదానికి నా నోటుపుస్తకంలో రాతలున్నాయి: తారీకు, ఆ రోజు ఎండ, గ్లాసులో ఎంత చల్లగా ఉంది, దాంతో ఏం తిన్నాను. కింద చెప్పేదంతా ఆ పుస్తకంలోంచే.

గ్లాసులో చూస్తే నలుపే. ట్యూబులైటుకి అడ్డం పెడితే మాత్రం అంచుల దగ్గర దానిమ్మ గింజ ఎరుపు బయటపడుతుంది. మడ్డి ఉండదు. నురగ లేత గోధుమ రంగులో రెండు వేళ్ళ మందాన లేచి, నాలుగైదు నిమిషాలు నిలిచి, తర్వాత గ్లాసు గోడకి ఉంగరంలా అంటుకుంటుంది. ఒకసారి పోసిన నిమిషంలోనే నురగంతా చచ్చిపోయింది. సీసా పాతదైపోయిందని కంగారుపడ్డాను. చూస్తే అంతకుముందు ఆ గ్లాసులో మజ్జిగ తాగి, పైపైన కడిగి పెట్టారు. వెన్న జిడ్డు ఏ మాత్రం మిగిలినా నురగ నిలబడదు. అప్పట్నుంచి ఈ బీరుకి రెండు గ్లాసులు విడిగా పెట్టుకున్నాను, వాటిలో పాలూ మజ్జిగా పోయనివ్వను.

వాసనలో ముందు ముదురు బెల్లం, వెనకాల ఎండు ఖర్జూరం, ఇంకాస్త ఆగితే కాల్చిన రొట్టె పైపెచ్చు. నోట్లో పెట్టుకోగానే తీపి. గుటక సగంలో కోకో. మింగాక మాత్రం తీపి ఆశ్చర్యంగా వెళ్ళిపోతుంది. చక్కెర లేని డికాక్షన్ తాగాక నాలుక మీద ఉండే పొడితనం లాంటిది మిగులుతుంది. నేను ఈ బీరుని వదలకపోవడానికి కారణం ఆ చివరి పొడితనమే. అంత తీపితో మొదలైన పానీయం తీపితోనే ముగిస్తే రెండో గుటకకే మొహం మొత్తుతుంది.

ఈ కోకో సంగతి చాలామంది అడుగుతారు, ఇందులో చాక్లెట్ కలుపుతారా అని. కలపరు. బవేరియాలో 1516లోనే బీరులో బార్లీ, నీళ్ళు, చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు తప్ప ఇంకేమీ వేయకూడదని శాసనం చేశారు. బీరుని పులియబెట్టే ఈస్ట్ ప్రస్తావన మాత్రం అందులో లేదు. ఇలాంటి ముదురు బీర్లన్నిటికీ ఆ చాక్లెట్ రుచి వేయించిన గింజ నుంచే వస్తుంది. మన రాగి మాల్ట్ ఎలా చేస్తారో అలాగే బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేడి మీద వేయిస్తారు. చాక్లెట్ మాల్ట్ అనే రకం కూడా ఉంది. 200 డిగ్రీలు దాటిన వేడిలో వేగి ఆ రంగూ రుచీ వచ్చినందుకు ఆ పేరు, అందులోనూ కోకో ఉండదు.

చదివి ఊరుకోవడం నాకు చేతకాదు. ఏలూరు వైపు కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేసిన స్నేహితుడున్నాడు. పులియబెట్టి ఎండబెట్టిన గింజలు గుప్పెడు తెచ్చుకుని, బాణలిలో సన్నసెగ మీద పావుగంట వేయించాను. టప్ టప్‌మని పొట్టు పగలడం మొదలయ్యాక దించేశాను. పొట్టు తీసి పలుకు నోట్లో వేసుకుని నమిలితే ముందు చేదు, వగరు, కొంచెం పులుపు. ఆ తర్వాత గొంతు వెనకనుంచి ముక్కులోకి ఒక వేపుడు వాసన ఎక్కింది. వెంటనే సెలబ్రేటర్ ఒక గుటక. సరిగ్గా అదే వాసన, అదే చోట. వగరూ పులుపూ బీరులో లేవు, కోకో వెన్న నునుపూ లేదు. వేపుడు వాసన ఒక్కటే రెండిటికీ ఉమ్మడి సొత్తు. గింజలోని చక్కెరలూ ప్రోటీన్లూ వేడికి కలిసి మెయిలార్డ్ చర్య జరిగినప్పుడు పుట్టే వాసనలవి. అది కోకో గింజా బార్లీ గింజా అన్న తేడా వాటికి పెద్దగా లేదు. కాబట్టి ఈ బీరుని చాక్లెట్ బీరు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వేయించిన గింజ బీరు అంటాను. పాల చాక్లెట్ ఊహించుకుని సీసా తెరిచినవాళ్ళు నిరాశపడటం నా కళ్ళతో చూశాను.

బవేరియాలో తరాలుగా ముదురు బీర్లు చేసిన పద్ధతి పేరు డికాక్షన్. మనకు డికాక్షనంటే కాఫీ గానీ అక్కడ వేరు. నీళ్ళలో కలిపిన మాల్టు ముద్దలో కొంత భాగాన్ని తోడి, విడిగా మరిగించి, మళ్ళీ పెద్ద గంగాళంలో కలిపేస్తారు. మరిగిన ప్రతిసారీ రంగూ రుచీ ముదురుతాయి. బావమరిది ఇది చెబుతుంటే నాకు మా అమ్మ ఉలవచారే గుర్తొచ్చింది. ఉలవలు ఉడికిన కట్టుని గంటలకొద్దీ సన్నసెగ మీద చిక్కబడేదాకా కాచడమూ, ఇదీ ఒక తోవలోవే. నీళ్ళ సంగతి కూడా ఇలాంటిదే. మ్యూనిక్ నీళ్ళు సున్నపు నీళ్ళు. మా బోరు నీళ్ళలో కందిపప్పు ఓ పట్టాన ఉడకనట్టు, ఆ నీళ్ళతో లేత రంగు బీరు చేస్తే చేదు మోటుగా తేలేది. వేయించిన మాల్టుకి సహజంగా కొంచెం పులుపు గుణం ఉంటుంది, అది ఆ సున్నాన్ని సరిచేస్తుంది. అందుకే ఆ ఊళ్ళో మొదట్నుంచీ ముదురు బీరే కుదిరింది.

చల్లదనం దగ్గర నేను గట్టిగా చెబుతాను. వంటింట్లో వాడే థర్మామీటరు గ్లాసులో ముంచి చాలాసార్లు చూశాను. 5 డిగ్రీల్లో మాడువాసనా చేదూ తప్ప ఏమీ తెలియదు, బెల్లం పత్తా ఉండదు. 10 నుంచి 12 మధ్య అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 16 దాటితే ఆల్కహాలు ఘాటు ముక్కుకి కొడుతుంది, తీపి బరువెక్కుతుంది. సంక్రాంతి రోజుల్లో గ్లాసు డాబా గోడ మీద పెట్టుకుని, దూరంగా కొండ మీద అమ్మవారి గుడి దీపాలు చూస్తూ ముప్పావుగంట తాగినా అది ఆ మధ్యలోనే ఉంటుంది. మే నెలలో పది నిమిషాలకే 16 దాటిపోతుంది. రోహిణి కార్తెలో రెండుసార్లు ప్రయత్నించి మానేశాను. ఐదుకి ఎన్ని మార్కులంటే జనవరిలో ఐదు, మేలో రెండున్నర. ఆ సగటు ఎవరికీ ఉపయోగపడదు కాబట్టి తీయను.

తిండి విషయానికొస్తే ఉలవచారన్నంలో వెన్న వేసుకుని పక్కన ఈ బీరు పెట్టుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే గొప్ప జోడీ. రెండిటిలోనూ మట్టి కలిసిన కమ్మదనం ఉంది. వేట మాంసం అంచులు నల్లబడేదాకా వేపితే అదీ బాగుంటుంది. నువ్వుల అరిసె సగం తుంచి కొరికి తాగితే బీరులోని తీపి తగ్గినట్టయి కోకో పైకి వస్తుంది. గోంగూర మాంసం మాత్రం వద్దు. ఆ పులుపు ముందు బీరు నీళ్ళలా తేలిపోతుంది. గుంటూరు కారం దట్టించిన వేపుళ్ళూ వద్దు, ఆల్కహాలు తగిలితే మంట ఇంకా పెరుగుతుంది.

దాచుకోవడంలో ఒక తప్పు చేశాను. 2023 వేసవిలో రెండు సీసాలు మిగిలితే ఫ్రిజ్‌లో మామిడిపళ్ళకి చోటు కావాలని అటక మీద పెట్టాను. పై అంతస్తు, మధ్యాహ్నమంతా శ్లాబు కాలుతూనే ఉంటుంది. జులైలో ఒకటి తీస్తే తడిసిన అట్టపెట్టె వాసన. కోకో లేదు, పాకం లేదు. వేడి తగిలితే సీసాలో చిక్కుకున్న కాస్త గాలి కూడా బీరుని తినేస్తుంది. రెండోది తెరిచి ఒక గుటక తాగి సింకులో పారబోస్తుంటే నిజంగా బాధేసింది. అంత దూరం నుంచి ఒక మనిషి బట్టల మధ్య చుట్టి తెచ్చింది అది. ఇప్పుడు ఫ్రిజ్ అడుగు అరలో, వెలుతురు తగలకుండా గుడ్డ సంచిలో, నిలబెట్టి ఉంచుతాను. ముదురు గాజు వెలుతురుని చాలావరకు ఆపుతుంది, కానీ వేడిని ఏ గాజూ ఆపదు.

ఒక సీసా ఇద్దరికి చాలు. చిన్న సీసానే కదా అని వరసగా రెండు తాగిన రోజున మర్నాడు పొద్దున తల దిమ్మెక్కింది. తియ్యగా నునుపుగా దిగిపోతుంది కాబట్టి 6.7 శాతమన్న సంగతి తాగేటప్పుడు గుర్తు రాదు. తాగిన రాత్రి బండి తాళం మా ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఈసారి బావమరిది ఫోన్ చేసి "ఎప్పటిలా ఆరేనా బావా?" అని అడిగితే వద్దన్నాను. వాడు వచ్చేది మార్చి చివర. సెలబ్రేటర్ మూడు చాలు, వాటిని సంక్రాంతి దాకా అడుగు అరలో దాస్తాను. మిగిలిన లీటరుకి ఆ బ్రూవరీ వాళ్ళదే ఆల్ట్‌బైరిష్ డుంకెల్ అరలీటరు సీసాలు రెండు తెమ్మన్నాను. అదీ ముదురు బీరే, 5 శాతం, ఒంటికి తేలిక. మన ఎండకి ఆగుతుందేమో చూడాలి. మొత్తం 1,990 మిల్లీలీటర్లు. లెక్క సరిపోయిందని వాడే అన్నాడు.