విజయనగరంలో చెర్రీ ష్రింప్ కొన్నా: రొయ్యలకి నాలుగు స్టార్లు, షాపాయన సలహాలకి సున్నా

ఈ అక్వేరియం షాపు పేరు రాయట్లేదు. మనిషి మంచోడే, పైగా ఊళ్ళో ఈ చిట్టి రొయ్యలు తెచ్చి పెట్టేవాళ్ళే తక్కువ, ఉన్న ఒక్కణ్ణి బద్నాం చేసి నేను బావుకునేదేం లేదు.

ముందు మంచి చెప్పేస్తా. ట్యాంకులు నీట్‌గా ఉంటాయి, చచ్చిన చేప తేలుతూ ఎప్పుడూ కనపడలేదు. చెర్రీ ష్రింప్ ఒక్కోటి నలభై, పది తీసుకుంటే మూడొందల యాభైకి ఇచ్చాడు. తెలీనోళ్ళకి చెప్తున్నా, ఇవి కూర రొయ్యలు కావు, పూర్తిగా పెరిగినా అంగుళం, మహా అయితే ఇంకొంచెం, తైవాన్ చైనా వైపు మంచినీళ్ళ వాగుల్లో ఉండే జాతి, అక్కడ మట్టిరంగులోనే ఉంటాయి, ఈ ఎరుపంతా పెంచేవాళ్ళు ఏరి ఏరి జత కలిపితే వచ్చింది. మా అమ్మ కవరు ఎత్తి లైటుకి పెట్టి చూసి "ఏటిరా ఇవి, మూడొందల యాభై పోసి తెచ్చేవా, వంకాయలోకైనా రావు" అని టేబుల్ మీద పెట్టేసింది.

ఇక అసలు సంగతి. కొనేటప్పుడు ట్యాంకు పెట్టి మూడు రోజులే అయిందని ఆయనకి చెప్పాను. "ఏం పర్లేదు తమ్ముడూ, చేపల్లాగే, నీళ్ళు పోసి వదిలెయ్" అన్నాడు. అలాగే వదిలేశా, కవరు కత్తిరించి డైరెక్టుగా. తెల్లారేసరికి రెండు పోయాయి. మూడో రోజు మోస్ (ట్యాంకులో పెంచే నాచు) పక్కన ఇంకోటి తెల్లగా, కదలకుండా కనపడింది, నాకు కంగారు, తీసి సాసర్లో పెట్టి, మిగతావి ఎన్నున్నాయో లెక్క కూడా పెట్టకుండా బండేసుకుని షాపుకి పోయాను. ఆయన చూడకుండానే నీలం రంగు మందు సీసా చేతిలో పెట్టి, ఎనభై రూపాయలు తీసుకుని, "నాలుగు చుక్కలు, అంతే" అన్నాడు. వేశా. పొద్దున్నకి అయిదు బోర్లా పడున్నాయి.

ఆ ఆదివారం మా మావయ్య వచ్చాడు, భోగాపురం వైపు రొయ్యల చెరువుల్లో పని చేస్తాడు, వనామీ తప్ప ఇంకోటి పెంచి ఎరగడు. సాసర్లో ఆరబెట్టినట్టున్న దాన్ని గోటితో ఎత్తి చూసి నవ్వేశాడు. "ఒరే అల్లుడూ, ఇది సచ్చిపోలేదురా, గుల్ల ఇడిసింది. లోపల ఏటుంది చూడు, ఖాళీ." నిజంగానే ఖాళీ, మీసాలూ కాళ్ళూ కళ్ళ తొడుగులూ అన్నీ ఉన్నాయి, మెడ వెనకాల మాత్రం చీలుంది, రొయ్య లేదు. అంటే బాగా ఉన్న రొయ్య గుల్ల మారిస్తే నేను మందేసి చంపాను. "మేం గుల్ల ఇడిసే టైముకి మినరల్స్ జల్లుతాం, నువ్వు విషం జల్లేవు" అని సీసా తిప్పి చూస్తే అడుగున చీమల్లాంటి అక్షరాల్లో కాపర్ సల్ఫేట్ అని ఉంది. చేపల జబ్బులకి పనికొచ్చే మందే అది, రొయ్యకీ నత్తకీ మాత్రం కొంచెం కాపరైనా ప్రాణం మీదకొస్తుంది. తమాషా ఏంటంటే రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేదే కాపర్ ఉన్న పదార్థం, మనకి ఐరన్ లాగ, కానీ నీళ్ళలో కలిపితే చావే.

మొదటి రెండూ ఎందుకు పోయాయో కూడా మావయ్యే చెప్పాడు. రొయ్యల మలం నుంచి వచ్చే అమ్మోనియా వాటికే విషం, కొత్త ట్యాంకులో దాన్ని తినే బాక్టీరియా ఇంకా పుట్టదు, చెరువైనా గాజు పెట్టైనా లెక్క అదే. కనీసం నెల ఆగాలి.

నెలన్నర ఆగి మళ్ళీ అదే షాపుకి పోయాను. రొయ్యలకి, అంతే, సలహాకి కాదు. ఈసారి నీళ్ళు ముందే చూసుకున్నా: రెండొందల యాభై పెట్టి ఆన్‌లైన్లో కొన్న టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన ఖనిజాలు ఎంతున్నాయో చూపిస్తుంది) మా బోరులో 600 చూపించింది, ఆర్వో నీళ్ళు 40, చెర్రీలకి 200 నుంచి 250 అయితే హాయి, కాబట్టి మూడు మగ్గులు బోరు, అయిదు మగ్గులు ఆర్వో. ఉత్త ఆర్వో పోస్తే గుల్ల గట్టిపడ్డానికి కాల్షియం ఎక్కడ్నించి వస్తుంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు పోసేవాళ్ళు బ్లీచింగ్ సంగతి చూసుకోండి, క్లోరిన్ తీసే చుక్కలు అదే షాపులో దొరుకుతాయి, అవి బానే పని చేస్తాయి. రొయ్యల్ని వదలడానికి మెడికల్ షాపులో సెలైన్ పైపు తెచ్చి, దాని చక్రం తిప్పి, కొత్త నీళ్ళు మెల్లగా అలవాటవ్వాలని, అవి ఉన్న బకెట్లోకి చుక్క చుక్కగా రెండు గంటలు మా ట్యాంకు నీళ్ళు దించాను. అమ్మ చూసి "రొయ్యలకి గ్లూకోజు ఎక్కిస్తన్నాడు" అని పక్కింటి పిన్నికి చెప్పొచ్చింది.

పదికి పది బతికాయి. రెండో నెలలో ఒకదాని పొట్ట కింద పసుపుపచ్చ గుడ్లు, ఒక పాతిక ఉంటాయేమో, నిలబడ్డ చోటే నిలబడి చిన్న కాళ్ళతో వాటిని ఆగకుండా విసురుతూనే ఉంటుంది, నేను కుర్చీ వేసుకుని అరగంట చూశా, ఒక్క క్షణం ఆపలేదు. నెల తిరక్కుండా ఆవగింజంత పిల్లలు, అచ్చు తల్లి రూపమే, వనామీ పిల్లల్లాగ ఉప్పునీళ్ళూ హేచరీలూ ఏమీ అక్కర్లేదు. టార్చి వేసి లెక్కపెడితే పదిహేడు. అందుకే రొయ్యలకి నాలుగు స్టార్లు, సరుకు నిజంగా మంచిది.

ఫిల్టర్ సంగతి ఒకటి. ఆయన మొదట పవర్ ఫిల్టర్ అంటగట్టాడు, అది పిల్లల్ని లాగేస్తుందని తెలిసి వెనక్కి తీసుకెళ్తే గొణుక్కోకుండా మార్చి నూట యాభై రూపాయల స్పాంజి ఫిల్టర్ ఇచ్చాడు, దానికి ఒక స్టారు ఇవ్వాల్సిందే. బాదం ఆకులు ప్యాకెట్టు ఎనభై అన్నాడు, వద్దన్నా. రోడ్డు పక్క బాదం చెట్టు కింద ఎండినవి ఏరి కడిగి వేశాను, రొయ్యలు ఈనెలు మిగిల్చి మిగతాదంతా తినేశాయి.

మేలో ట్యాంకు 32 డిగ్రీలకి పోయింది. పైన చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగింది, ఆవిరైన నీళ్ళకి బదులు ఆర్వో మాత్రమే పోయండి, ఖనిజాలు ఆవిరవ్వవు కదా. ఇదంతా ఎందుకంటే ఇప్పుడు ఆయన నలుపు తెలుపు చారల క్రిస్టల్ రొయ్యలు కూడా తెచ్చాడు, ఒక్కోటి నూట యాభై, "ఇవీ చెర్రీల్లాగే తమ్ముడూ" అంటున్నాడు. కావు. వాటికి మెత్తటి, కాస్త పుల్లని, చల్లటి నీళ్ళు కావాలి, ఛిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషీను) లేకుండా మన ఎండలకి ఆగవు. మావయ్యని అడిగితే "ఫ్రిజ్‌లో పెంచుతావేటి" అన్నాడు.

ఎవరైనా వెళ్తే కవర్లో పట్టుకోడానికి కాస్త మోస్ వేయమని అడగండి, అడగందే వేయడు.