ఒకే తలుపున్న గోడౌను: డీఈ0-నానో బోర్డు ఎస్‌డీరామ్‌తో మూడేళ్లు

ఒక పక్క కెమెరా నుంచి బొమ్మ వస్తూ ఉండాలి, ఇంకో పక్క అది మానిటర్ మీదకు పోతూ ఉండాలి. మూడేళ్లుగా ఈ డీఈ0-నానో ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌ను మనమే రాసుకునే చిప్) బోర్డు మీద నేను చేస్తున్న పని ఇదే. ఎఫ్‌పీజీఏ లోపలి మెమరీ చాలితే బాధే లేదు. దానికి రెండు పోర్టులు, రాస్తుండగానే చదువుకోవచ్చు. కానీ మొత్తం కలిపి 594 కిలోబిట్లే. 320×240 బొమ్మకు, పిక్సెల్‌కు 8 బిట్ల చొప్పున, 600 కావాలి. ఆరు కిలోబిట్లు తక్కువై ఆగిపోయాం! అందుకే పక్కనున్న 32 మెగాబైట్ల ఎస్‌డీరామ్ చిప్ జోలికి పోవాల్సి వచ్చింది.

దీనికి 16 బిట్ల డేటా దారి ఒక్కటే. ఒకే తలుపున్న గోడౌను అనుకోండి, బస్తాలు లోపలికైనా వెళ్లాలి, బయటికైనా రావాలి. లోపల బ్యాంకులనే నాలుగు గదులున్నాయి, ఒకటి పనిలో ఉండగా ఇంకోదాంట్లో వరస (మెమరీ గళ్ల వరస) తెరిచి పెట్టుకోవచ్చు, నిజమే. తలుపు మాత్రం ఒకటే.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర, ఒక్కో క్లాకు టిక్కుకు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 200 మెగాబైట్లు. ఈసారి పిక్సెల్‌కు రెండు బైట్లు, 640×480లో సెకనుకు 30 ఫ్రేముల కెమెరాకు 18, 60 ఫ్రేముల మానిటర్‌కు 37, వెరసి 55. ఇంకేం, అయిపోయిందనుకున్నా. తీరా చూస్తే తెరంతా చారలు. నేను ఒక్కో పిక్సెల్‌కూ వరస తెరిచి, ఆగి, తీసుకుని, మూస్తున్నా. రెండు బైట్లకు పది క్లాకులు, అంటే సెకనుకు 20 మెగాబైట్లే! ఎనిమిదేసి పిక్సెళ్లు ఒక్క విడతలో తీయడం మొదలుపెట్టాక 100 దాకా వచ్చింది. తలుపుకు అటూ ఇటూ అరుగుల్లా 512 పిక్సెళ్ల ఫిఫోలు (ముందొచ్చింది ముందు పోయే చిన్న క్యూలు) రెండు పెట్టా. మానిటర్ ఫిఫో సగానికి దిగితే వంతు దానిది, లేకపోతే కెమెరాది. ఇంత మోటు నియమమే ఇప్పటికీ నడుస్తోంది. బొమ్మ మధ్యలో తెగకుండా మూడు ఫ్రేములకు చోటిచ్చా. చిప్‌కిచ్చే క్లాకును 3 నానోసెకన్లు జరపడం మర్చిపోతే మాత్రం ఏదీ పనిచేయదు.

అసలు తమాషా రిఫ్రెష్‌ది, అంటే గళ్లలో కారిపోయే చార్జిని మళ్లీ నింపే పనిది. 64 మిల్లీసెకన్లలో 8192 సార్లు చేయాలి. నా కోడ్‌లో తప్పు వల్ల దానికి వంతే రావడం లేదు, ఎనిమిది నెలలు నాకు తెలియనే లేదు! డైనమిక్ మెమరీలో వరస తెరిస్తే చార్జి మళ్లీ నిండుతుంది. మానిటర్ సెకనుకు 60 సార్లు ఫ్రేమంతా చదువుతూ ఆ పని తనకు తెలియకుండానే చేసిపెట్టింది. ఒకరోజు ఒక ఫ్రేమును పక్కన దాచి, భోజనం చేసొచ్చి తెరిస్తే బొమ్మ మీద నువ్వులు చల్లినట్టు చుక్కలు. చిప్ పోయిందని ఒకటే టెన్షన్. రెండు రోజులు వెతికితే దొరికింది, చిప్ తప్పేం లేదు.

చదవడం, రాయడం నిజంగా ఒకే క్షణంలో జరగాలంటే రెండు చిప్‌లు పెట్టి, ఒకదాంట్లో రాస్తూ రెండోదాంట్లో చదవాలి. వీడియోకైతే నాకు ఆ అవసరం రాలేదు. రెండో కెమెరా తగిలించినా లెక్క 74 దాటదు. వచ్చే నెల ఆ పనే.