విశాఖలో ముందు దేనికి సిద్ధపడాలి: తుపానుకా, గ్యాస్ లీకుకా?

అక్టోబరు వచ్చి అల్పపీడనం మాట వినిపిస్తే చాలు, విశాఖలో బిందెలు నిండుతాయి, కొవ్వొత్తులు కొంటారు, ఫోన్లు ఛార్జింగుకి ఎక్కుతాయి. హుద్‌హుద్ దెబ్బ అలాంటిది మరి. 2014 అక్టోబరు 12న అది నగరం మీదుగానే తీరం దాటింది. కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. అందుకే మందులు, బ్యాటరీ రేడియోతో పాటు కొంత నగదు కూడా దగ్గర పెట్టుకోవాలి. ఫోన్‌పే నమ్ముకుంటే పాల ప్యాకెట్ కూడా దొరకదు.

మరి గ్యాస్ లీకైతే? 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరై ఊరి మీదికి వచ్చింది. జనం నిద్రలో ఉన్నారు. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. బిందెలు, కొవ్వొత్తులు అక్కడ దేనికీ పనికొచ్చేవి కావు.

తుపానులో ఏం చేయాలన్నది తేలికే: గట్టి ఇంట్లో ఉండాలి. తుపాను కన్ను మన మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. తగ్గిపోయిందిలే అని మేడ మీద ట్యాంకు చూసుకోవడానికి ఎక్కకండి. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా వస్తుంది.

గ్యాస్ విషయంలో తలుపులేసుకోవాలా, బయటికి పరుగెత్తాలా అన్నదే అసలు చిక్కు. లీకు దూరంలో ఉండి, ఇంట్లోకి ఇంకా వాసన రాకపోతే తలుపులు, కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, తలుపు కింద సందులో తడిబట్ట కుక్కడం మేలు. వాసన ముంచుకొస్తే వెళ్లిపోవాల్సిందే. ఎటు? దండెం మీద బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూడండి. గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంటే తూర్పుకో పడమరకో నడవాలి. గాలి వెంటే పరుగెత్తితే గ్యాసూ మన వెంటే వస్తుంది. స్టైరీన్, క్లోరిన్ గాలి కన్నా బరువు, నేలబారుగా పల్లానికి పారతాయి. కాబట్టి మంటల పొగలో వంగి పాకినట్టు ఇక్కడ పాకకూడదు, ఎత్తైన చోటికి పోవాలి. ఎల్‌పీజీ కూడా బరువైనదే, పైగా నిప్పురవ్వ తగిలితే చాలు. 1997లో మల్కాపురం దగ్గర రిఫైనరీలో ఎల్‌పీజీ అంటుకుని జరిగిన ఘోరం పాతకాపులకు ఇంకా గుర్తే. ఆ వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకూడదు.

నన్నడిగితే గోపాలపట్నం, మల్కాపురం, గాజువాక, పరవాడ వాళ్లు గ్యాస్ సంగతే ముందు చూసుకోవాలి. తుపాను సరంజామా హెచ్చరిక వచ్చాక ఒక పూటలో కొనేయొచ్చు. పక్క ఫ్యాక్టరీలో ఏం నిల్వ ఉంది, మన వీధికి మెరక ఎటు అన్నవి మాత్రం అర్ధరాత్రి తెలుసుకోలేం. పెదజాలరిపేటలో ఒడ్డున ఉండేవాళ్లకు తుపానే ముందు, అందులో అనుమానం లేదు. ఎక్కడున్నా, ఒంటరిగా ఉండే పక్కింటి మామ్మగారిని ఎవరు లేపాలో ఇవాళే అనుకోండి.