సిరిమాను ఫొటోలు, మూడు రకాల సిస్టమ్‌లు, పేర్లు మార్చే ఎఫ్2

సిరిమాను సంబరం అయ్యాక విజయనగరంలో స్టూడియోలన్నింటిలో ఒకటే పని, రెండు మూడు కెమెరాల మెమరీ కార్డుల్లోని ఫొటోలు ఒకే ఫోల్డర్‌లోకి దించడం. నైకాన్ కెమెరా అయితే ఫైలు పేర్లు డీఎస్‌సీ_0001 నుంచి 9999 దాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి పేర్లు కలిసిపోవడం మామూలే. అసలు టెన్షన్ పేర్లు మార్చేటప్పుడు. స్టూడియోలో విండోస్, ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ల దగ్గర మ్యాక్, నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, అంటే లినక్స్. విండోస్‌లో పేరు మార్చే రెన్ (ren) కమాండ్ ఇస్తే, ఆ పేరుతో ఇంకో ఫైలు ఉంటే ఆగిపోతుంది. లినక్స్, మ్యాక్‌లలో అదే పని చేసే ఎంవీ (mv) కమాండ్ అలా కాదు, చడీచప్పుడు లేకుండా పాత ఫైలు మీద రాసేస్తుంది, ట్రాష్‌లో వెతికినా దొరకదు. కమాండ్‌కి హైఫన్ ఎన్ (-n) జోడిస్తే రాయదు, కానీ ఆ హడావుడిలో ప్రతిసారీ ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

అందుకే ఎఫ్2 అనే ప్రోగ్రామ్ వాడుతున్నా, కీబోర్డు మీద ఉండే ఎఫ్2 కీ కాదు, ఒకేసారి బోలెడు ఫైళ్ల పేర్లు మార్చేది. ఉచితం, ఓపెన్ సోర్స్, మూడింటిలోనూ నడుస్తుంది. ఏ పేరు ఏమవుతుందో ముందు పట్టికలా చూపిస్తుంది, హైఫన్ ఎక్స్ (-x) పెట్టేదాకా ఒక్క ఫైలూ కదలదు. ఉన్న ఫైలు మీద పడేలా ఉంటే చెప్పి ఆగుతుంది. పేర్లు నచ్చకపోతే హైఫన్ యు (-u), దాంతోపాటు హైఫన్ ఎక్స్ కొడితే పాతవి వచ్చేస్తాయి. పెళ్లి ఫొటోలైనా, అమ్మవారి ఉత్సవమైనా మళ్లీ తీయలేం, అలాంటి పనికి ఇంత జాగ్రత్త ఉండాల్సిందే.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు ఒకటి గమనించండి. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు, తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకీ విడివిడిగా 3 బైట్లు పడతాయి, ‘సిరిమాను’ ఒక్కదానికే 24. విండోస్‌లో హాయిగా సరిపోయిన పొడుగు పేరు ఇక్కడ పట్టదు, పొట్టిగా పెట్టుకోండి. ఇంగ్లిష్ పేర్లకైతే ఇంకో చిక్కు, క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడాతో లినక్స్‌లో రెండుగా ఉన్న ఫైళ్లు విండోస్‌కీ, మామూలు సెట్టింగ్‌లో ఉన్న మ్యాక్‌కీ ఒకటే.

లోటు ఏంటంటే ఎఫ్2కి బటన్లు నొక్కే విండో లేదు, కమాండ్ టైప్ చేయాలి, షాపులో కుర్రాళ్లకి కూర్చోబెట్టి నేర్పాలి. అంత ఓపిక లేకపోతే, పనంతా విండోస్‌లోనే అయితే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్ అనే టూల్స్‌లో ఉన్న పవర్‌రీనేమ్ చూడండి, అదీ మార్చే ముందు కొత్త పేర్లు చూపిస్తుంది. ఏది వాడినా కార్డులు ఫార్మాట్ చేయడం మాత్రం పేర్ల పని పూర్తయ్యాకే.