మిద్దెతోట గ్రూపులో గొడవలు: టెలిగ్రామ్ అడ్మిన్ సదుపాయాలు చాలాకాలం వాడాక

మా మిద్దెతోటల గ్రూపు వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కు వచ్చి నాలుగేళ్లు దాటింది. అప్పట్లో వాట్సాప్‌లో మనిషిని తీసేయొచ్చు, అందరినీ ఆపి అడ్మిన్లే మాట్లాడొచ్చు. ఒక్కరిని మాత్రం కొన్నాళ్లు ఆపే వీలు లేదు. మాకు కావాల్సింది అదే.

మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. నోట బూతుమాట రాదు, చిక్కంతా అక్కడే. ఎవరో ఒకమ్మాయి ఈనెలు పసుపుపచ్చగా మారిన బెండ ఆకు ఫొటో పెడుతుంది. తెల్లదోమ వల్ల వచ్చే పల్లాకు తెగులమ్మా, ఆ మొక్క పీకేసి పసుపు జిగురు అట్టలు కట్టు అని ఎవరో చెబుతారు. వెంటనే ఈయన దిగుతారు: "మందు కొట్టకుండా ఏ తోట బతికిందండీ?" ఆ వెనకే వరసగా వాయిస్ మెసేజ్‌లు, వీడియో లింకులు. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతమే చాలనేవాళ్లు ఊరుకుంటారా? సాయంత్రానికి అడిగిన పిల్ల ప్రశ్న ఎక్కడుందో వెతుక్కోవాలి.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది స్లో మోడ్. ఒకసారి రాసినవాళ్లు మళ్లీ రాయాలంటే ఆగాలి. కొన్ని సెకన్ల నుంచి గంట దాకా పెట్టుకోవచ్చు, అడ్మిన్లకు వర్తించదు. మామూలు రోజుల్లో 30 సెకన్లు, వేడెక్కితే 15 నిమిషాలు పెడతాం. ఆలోపు సగంమందికి కోపం చల్లారిపోతుంది. "నన్నొక్కణ్నే ఆపారు" అనే మాట కూడా రాదు. లోపం కూడా అక్కడే ఉంది: గొడవతో సంబంధం లేనివాళ్లు కూడా ఆగాల్సిందే.

ఒక్కరినే ఆపాలంటే అనుమతులు తగ్గించొచ్చు, గడువు పెట్టి మరీ. పెద్దాయనకు వాయిస్ మెసేజ్‌లు, లింకుల కింద వచ్చే ప్రివ్యూలు ఓ వారం ఆపి, టైపింగ్ వదిలేశాం. వేలితో ఒక్కో అక్షరం కొట్టాల్సి వచ్చేసరికి చెప్పాల్సిందే చెప్పారు. కుండీ మట్టిలో నీరు నిలవకుండా ఏం కలపాలో ఆయన రాసిన నాలుగు లైన్లను మేమే పిన్ చేశాం!

"నేనలా అనలేదు" అని మెసేజ్ మార్చేసేవాళ్లకు రీసెంట్ యాక్షన్స్ అనే జాబితా మందు. మార్చినవి, తీసేసినవి అడ్మిన్లకు 48 గంటలపాటు కనిపిస్తాయి. బ్యాన్ మాత్రం పార్ట్‌టైమ్ జాబు, క్రిప్టో మోసగాళ్లకే వాడతాం. వాళ్లు పెట్టినవన్నీ ఒక్క నొక్కుతో పోతాయి. వేరే నంబరుతో మళ్లీ వస్తారనుకోండి.

పేరు కనబడకుండా గ్రూపు పేరుతో మాట్లాడే సదుపాయం 2020లో వచ్చింది. నాకు నచ్చలేదు. ఎవరో తెలియకుండా మందలిస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. "ఫలానా గారూ, ఈ సంగతి రేపు చూద్దాం" అని నా పేరుతోనే రాస్తే ఎక్కువగా వింటున్నారు.

సభ్యులు పెట్టే చెత్తకు కేసు నా మీదకొస్తుందా అని ఇదివరకు టెన్షన్ ఉండేది. ఒక వాట్సాప్ గ్రూపు కేసులో, సభ్యుడు పెట్టిన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యత రాదని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పింది. అది చదివాక కాస్త ఊపిరి పీల్చుకున్నా.

టెలిగ్రామ్‌కు రానంటే రానన్న పెద్దవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసం పాత వాట్సాప్ గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా ఉంచి, విత్తనాల పంపకం తేదీలు అందులో పెడుతున్నాం.